ఒకసారి కట్టి పలుమారులు వాడు అంగములు: వెబ్ యాప్ నిర్మాణము, పరీక్ష

దిండిగల్‌లోను, అచ్చటినుండి మదురై పోవు దారిలోనున్న చిన్నాళపట్టిలోను మన నేతకుటుంబముల బిడ్డలు పలువురు ఇప్పుడు కంప్యూటరు చదువులు చదువుచున్నారు. సంఘపు ఆర్డర్లను, నూలు లెక్కను, కూలి పట్టీని కాగితపు పుస్తకమునుండి వెబ్ యాప్‌లోనికి మార్చుకొందమను మాట వచ్చినప్పుడెల్ల ఆ పని వారికే అప్పగింపబడుచున్నది. పెద్దలు "అది పిల్లల విద్య, మనకు తెలియదు" అని ప్రక్కకు తప్పుకొనుచున్నారు. ఇది తగదు. కూలి లెక్కలో తేడా వచ్చినచో నష్టపడువాడు మగ్గముమీద కూర్చున్నవాడే. కనుక ఈ పాఠము ఇరువురికిని ఉద్దేశింపబడినది. కట్టు బిడ్డలకు కట్టు తీరు, సరిచూడవలసిన పెద్దలకు సరిచూచు తీరు ఇందు చెప్పుచున్నాము.

వెబ్ యాప్ అనగా బ్రౌజరులో తెరచుకొను ఒక లెక్కపుస్తకము వంటిది. అసలు పుస్తకము సర్వరు అను యంత్రములో ఒక్కచోటనే ఉండును. ఫోను కలిగిన ప్రతివారును తమ ఇంటినుండియే దానిని తెరచి చూడవచ్చును. అనుమతి గలవారు అందు వ్రాయవచ్చును. ఒక సంఘమువారికి నాలుగు పుటలు కావలెననుకొందము. నేయించు చీరల జాబితా ఒకటి, ఆర్డరు వ్రాయు పుట ఒకటి, నూలు ఇచ్చిన లెక్క ఒకటి, నేతగాని కూలి పట్టీ ఒకటి. క్రొత్తగా నేర్చినవారు ఈ నాలుగింటిని వేరువేరుగా మొదటినుండి కడవరకు వ్రాయుదురు. కొన్నాళ్ళు బాగుగనే నడుచును. కాని నాలుగు పుటలలోను రూపాయలు చూపవలసియుండును గదా! ఒకచోట 1,23,456 అని, ఇంకొకచోట 123456 అని, వేరొకచోట పైసలు విడిచి, మరియొకచోట పైసలతో చూపబడును. ఒకటి దిద్దినచో మూడు మిగిలిపోవును. ఆ మూడింటిని ఎప్పుడో ఒక నేతగాడు చూచి అడుగువరకు ఎవరికిని తెలియదు.

ఇట్టి చిక్కు మనకు క్రొత్తది కాదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయా పైసలు వచ్చినప్పుడు రూపాయికి 16 అణాలని, 64 పైసలని వేసిన లెక్కలన్నియు ప్రతి పుస్తకములోను మార్చవలసివచ్చినది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు బిల్లు పుస్తకములన్నియు మారినవి. లెక్క కట్టు విధానము ఒక్కచోట వ్రాసి, కావలసిన పుటలన్నియు అచ్చటినుండియే దానిని తెచ్చుకొనునట్లు చేసిన, మార్పు ఒక్కచోట చాలును. ఇట్లు ఒకసారి కట్టి పలుచోట్ల వాడు ముక్కను కాంపొనెంటు అందురు. ఈ పాఠములో దానిని అంగము అనుచున్నాము.

అచ్చు అతుకుట

పడుగు అయిపోవచ్చినప్పుడు మనము అచ్చులోని పోగులను ఊడబెరుకము. పాత కొసలను అచ్చులోనే ఉంచి, క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వానికి అతుకుదుము. వేలకొలది పోగులను మరల మొదటినుండి ఎత్తి అచ్చులో దూర్చు శ్రమ దీనిచే తప్పుచున్నది. పడుగులు వచ్చుచు పోవుచుండును, అచ్చు నిలిచియుండును. ఎరుపు పడుగా, నీలి పడుగా అని అచ్చు అడుగదు. కాని పోగుల సంఖ్యయు నూలు నంబరును దానికి తగియుండవలెను. తగనిచో అతికినను నేత సాగదు.

అంగము స్వభావమును ఇట్టిదే. దానికి వెలుపలినుండి కొన్ని విషయములు అందించబడును. వీనిని రియాక్ట్ వాడువారు ప్రాప్స్ అందురు. అందినదానినిబట్టి అంగము తెరమీద చూపవలసినదానిని తయారుచేయును. ఏమి అందవలెనో, ఏ కొలతలో అందవలెనో ముందుగనే స్పష్టముగ వ్రాసియుండవలెను. అంతకుమించి అది వేరొకచోటికి పోయి తనంతట తాను ఏమియు తెచ్చుకొనరాదు. సొమ్ము చూపు అంగము సొమ్మును చూపవలెను గాని, ఆ నేతగాని బాకీ ఎంతయో సర్వరును అడిగి తెచ్చుట దాని పని కాదు. అట్లు చేసిన అంగమును ఇంకొక పుటలో పెట్టుటయు కష్టము, పరీక్షించుటయు కష్టము.

సాఫ్ట్‌వేరును ఇట్టి ముక్కలుగ తయారుచేసి పలుచోట్ల వాడవలెనను ఆలోచన పాతది. 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణమున నేటో కూటమి జరిపిన సభలో డగ్లస్ మెకిల్‌రాయ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని గట్టిగ ప్రతిపాదించినాడు. వెబ్ పుటల విషయమున దీనిని ఇంటింటి పద్ధతిగ చేసినది 2013లో ఫేస్‌బుక్ సంస్థవారు ఎల్లరకు ఉచితముగ విడుదల చేసిన రియాక్ట్. మరుసటి యేడు ఇవాన్ యూ అను యువకుడు వ్యూ అను సాధనమును విడుదల చేసినాడు. రెండింటిలో ఏది మేలని బిడ్డలు గంటలకొలది వాదించుకొందురు. మన సంఘపు పనికి ఏదైనను చాలును. వారికి ఏది బాగుగ వచ్చునో అదియే మేలు.

పై నాలుగు పుటలకు ఏ అంగములు కావలెను? సొమ్ము అంగము, పేరు అంగము, మీట అంగము, చీర చీటీ అంగము. మొదటి మూడు చిన్నవి. చీర చీటీ అనునది పెద్దది. చీర బొమ్మ, అంచు, కొంగు వివరము, పొడవు, ధర అందు కనబడును. ధర చూపుటకు అది సొమ్ము అంగమునే లోపల వాడుకొనును. చిన్నవి చేర్చి పెద్దవి, పెద్దవి చేర్చి పుట, పుటలు చేర్చి యాప్.

ఇచ్చట ఒక హెచ్చరిక. నేర్చిన ఉత్సాహములో ప్రతిదానిని అంగముగ చేయబోవుట పడుచువారి అలవాటు. ఒకే అంగమునకు ఇరువది తిరుగుడు బిళ్ళలు పెట్టి, చీరకును దానినే, పంచెకును దానినే, నూలు చిలపకును దానినే వాడజూతురు. చివరకు అది ఎవరికిని అర్థము కాదు. ఒక ముక్కను మొదటి రెండుమారులు చేతితో విడిగనే వ్రాయుట మంచిది. మూడవమారు అదే అవసరము వచ్చినప్పుడు, మూడింటిలోను నిజముగ ఒకటిగ ఉన్నదేదో చూచి, దానిని మాత్రమే బయటికి తీయవలెను. చీరయు చిలపయు రెండును అమ్ముడుపోవునవే. అంతమాత్రమున రెండింటికి ఒకే చీటీ తగదు.

తప్పు కూడ తిరిగి వచ్చును

జకార్డు మగ్గము ఎరిగినవారికి ఈ భాగము తేలికగ పట్టుబడును. 1804లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున జోసెఫ్ మారీ జకార్డు సిద్ధపరచిన ఆ పెట్టెలో ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకను శాసించును. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ఒక అట్టలో ఒక రంధ్రము తప్పుగ పడినదనుకొందము. అట్టల దండ చుట్టు తిరిగి వచ్చినప్పుడెల్ల ఆ తప్పు బట్టలో పడుచునేయుండును. చేతితో బుటా ఎత్తువాడు ఒకచోట పొరబడిన ఆ ఒక్కచోటనే పోవును. అట్టలో పొరబాటున్న కొంగు నిండ అదే పొరబాటు.

అంగము సంగతియు ఇట్లే. నాలుగు పుటలు వేరువేరుగ వ్రాసినచో ఒక పుటలోని దోషము ఆ పుటకే పరిమితము. సొమ్ము అంగములో దోషమున్నచో ఆర్డరు, నూలు, కూలి, జాబితా నాలుగును ఏకకాలమున చెడును. తిరిగి వాడుటవలన లాభమెంతయో ప్రమాదము అంత. కాబట్టి పరీక్షలేని అంగమును పలుచోట్ల వాడరాదని మా అభిప్రాయము. అట్టను దండలో కుట్టుటకు ముందే నమూనా కాగితముతో పోల్చి చూతుము గదా, అంగమును పుటలో పెట్టుటకు ముందే పరీక్షింపవలెను.

పరీక్ష అనగా ఇంకొక చిన్న ప్రోగ్రాము. అంగమునకు ఇది అందించుము, అది చూపవలెను, చూపనిచో కేక వేయుము అని అందు వ్రాయుదురు. జెస్ట్, వీటెస్ట్ అను సాధనములు ఇట్టి పరీక్షలను వందలకొలది క్షణములలో నడుపును. ఒకసారి వ్రాసిన పరీక్ష ప్రతి మార్పు తరువాతను తిరిగి నడుచును. దాని విలువ అందే ఉన్నది.

సొమ్ము అంగమును పట్టుకొందము. దానికి అందవలసినది పైసలలో పూర్ణసంఖ్య అని నియమము పెట్టవలెను, రూపాయలలో దశాంశసంఖ్య కారాదు. ఎందుకనగా బ్రౌజరులో నడుచు జావాస్క్రిప్టు భాష దశాంశములను సున్నలు ఒకట్లు మాత్రమే గల లెక్కలోనికి మార్చి దాచును. ఆ మార్పులో 1.15 సరిగా ఇముడదు. 1.15ను 100తో హెచ్చవేయుమని దానిని అడిగిన 115 రాదు, 114.99999999999999 వచ్చును. చివరి భిన్నమును కోసివేసినచో 114 మిగులును. రూపాయి పదునైదు పైసలలో ఒక పైసా ఎవరును తీయకుండనే పోయినది. సంవత్సరాంతమున మొత్తములు కుదరనప్పుడు ఆ పైసాను వెదకు గుమాస్తాకే దాని కష్టము తెలియును.

ఈ అంగమునకు వ్రాయవలసిన పరీక్షలు చూడుడు. 115 అందించిన ₹1.15 చూపవలెను. 5 అందించిన ₹0.05 చూపవలెను; ₹0.5 అని చూపిన అది యాబది పైసలని చదువబడును. 12345678 అందించిన ₹1,23,456.78 చూపవలెను, మన దేశపు పద్ధతిలో లక్షవద్ద కామా పడవలెను. అడ్వాన్సు మిగిలియున్నచో ఋణసంఖ్య అందును. −50000 అందించిన −₹500.00 చూపవలెను, గుర్తు జారిపోరాదు. సున్న అందించిన ₹0.00 చూపవలెను. ఈ కడపటిది చిన్నదిగ కనబడును గాని దీనిలోనే ఎక్కువమంది తప్పుదురు. ఆ భాషలో "ఉన్నదా?" అని అడిగిన సున్నకు "లేదు" అను జవాబు వచ్చును. "సొమ్ము ఉన్నచో చూపుము" అని వ్రాసిన, బాకీ సున్నగ ఉన్నవాని పట్టీలో ఖాళీ కనబడును. నేతగానికి ఖాళీ వేరు, సున్న వేరు. ఖాళీ అనగా ఇంకను లెక్క చూడలేదు. సున్న అనగా లెక్క చూచి తీర్చినారు.

ఇక కూలి లెక్క. మాటవరసకు చీర ఒకటికి కూలి ₹1,150.50 అనుకొందము. మూడు చీరలకు 115050ను మూడుతో హెచ్చవేసిన 345150 పైసలు. అడ్వాన్సు 50000 పైసలు పోగా 295150. పట్టీలో ₹2,951.50 కనబడవలెను. ఎవరైనను పైసలకు బదులు రూపాయలే అందించినచో నూరంతలు తేడా వచ్చును. టైప్‌స్క్రిప్టు అను కాపలాభాష 2012నుండి ఉన్నది. అది సంఖ్య ఉండవలసినచోట అక్షరములున్న పట్టుకొనును. కాని రూపాయయు సంఖ్యయే, పైసయు సంఖ్యయే. ఆ కాపలా దీనిని ఆపలేదు. పరీక్షయే ఆపవలెను.

పేరు, భాష, మీట

పేరు అంగము దగ్గర మనవారికే ప్రత్యేకమైన ప్రమాదమొకటి కలదు. యంత్రము తెలుగు అక్షరములను మనము లెక్కించునట్లు లెక్కింపదు. గుడింతపు గుర్తు, పొల్లు, సున్న ప్రతిదియు దానికి వేరొక గుర్తు. "శ్రీ" మన కంటికి ఒక్క అక్షరము, యంత్రమునకు నాలుగు. "వేంకటేశ్వర్లు" అని వ్రాసిన మనకు అయిదు అక్షరములు, యంత్రమునకు 13. ఇంగ్లీషు పేర్లు చూచి అలవాటుపడినవారెవరో పేరు పది గుర్తులకు మించరాదని నియమము పెట్టినారనుకొందము. అప్పుడు మిగులునది "వేంకటేశ్వర". సగము తెగిన పేరుగ కనబడదు. నిండు పేరే, కాని వేరొకరి పేరు! సంఘములో ఇద్దరును ఉన్నచో ఒకరి కూలి ఇంకొకరి క్రింద పడును. కాబట్టి రామయ్య, లక్ష్మి అను చిన్న పేర్లతో మాత్రమే పరీక్షించి ఊరకుండరాదు. మిక్కిలి పొడవైన పేరును, ఒత్తులు గల పేరును, ఒకే పేరు గల ఇద్దరినిపెట్టి పరీక్షింపవలెను. సభ్యుని గుర్తించుటకు పేరు చాలదు. సభ్యత్వపు నంబరు ఉండవలెను.

దిండిగల్‌లో ఇంకొక సంగతి. మన ఇండ్లలో మాట తెలుగు. బడిలో చదివినది తమిళము. తెలుగు చక్కగ మాటలాడుచు, చదువుటకు తమిళలిపి మాత్రమే వచ్చినవారు మన కుటుంబములలో ఎందరో. కూలి పట్టీ ఎవరికొరకో వారు చదువగలిగిన లిపిలో ఉండవలెను. కాబట్టి "సరే", "దాచుము", "బాకీ" వంటి మాటలను అంగము లోపల పాతిపెట్టరాదు. వానిని వెలుపలినుండి అందింపవలెను. అదే అంగము తెలుగువానికి తెలుగు మాట, తమిళము చదువువానికి తమిళ మాట చూపును. పరీక్ష రెండు భాషలలోను నడపవలెను. ఒక భాషలో రెండక్షరముల మాట ఇంకొక భాషలో పది అక్షరములు కావచ్చును. మీట పొంగి ప్రక్కనున్న అంకెను కప్పివేయును. తక్కువ ధర ఫోనులో, చిన్న తెరమీద తప్పక చూడవలెను. వ్రాసినవాని బల్లమీదనున్న పెద్ద తెరమీద అన్నియు అందముగనే కనబడును.

మీట అంగము పైకి అన్నిటికన్న చిన్నది. మగ్గపుశాలలో సిగ్నలు తక్కువ. నొక్కిన వెంటనే జవాబు రాదు. రాకున్న ఎవరైనను మరల నొక్కుదురు. ఒక చీర అప్పగించిన నేతగాని పేర రెండు చీరలు పడును, లేక ఒక అడ్వాన్సు రెండుమారులు వ్రాయబడును. రెండవది తెలిసినప్పటికి నెల గడచియుండును. కనుక నొక్కిన తరువాత జవాబు వచ్చువరకు మీట మూసుకొనవలెను. జవాబు రాకపోయిన "దాచబడలేదు" అని మాటలలో చెప్పవలెను, ఎర్రరంగు వేసి ఊరకుండుట చాలదు. సర్వరువైపునను ఒక్కొక్క నమోదుకు ఒక్కొక్క ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండవమారు వచ్చిన త్రోసివేయవలెను. పరీక్ష: మీటను రెండుమారులు వెంటవెంటనే నొక్కుము, పుస్తకములో ఒక్క వరుసయే ఉండవలెను. ఆ పిదప నెట్టు ఆపి నొక్కుము, దాచినట్లు చూపరాదు.

ఈ పరీక్షలు వ్రాయు తీరు గూర్చి ఒక మాట. అంగము లోపల ఏ పెట్టెలో ఏమున్నదో చూచి పరీక్షించువారు కొందరున్నారు. లోపలి అమరిక మార్చినప్పుడెల్ల, చూపు ఫలితము సరిగానే ఉన్నను ఆ పరీక్షలు పడిపోవును. విసిగి వానిని తీసివేయుదురు. వాడువాడు తెరమీద ఏమి చూచునో దానినే పరీక్ష చూడవలెను. "దాచుము" అని వ్రాసియున్న మీటను వెదకుము, నొక్కుము, "దాచబడినది" అను మాట వచ్చినదా చూడుము. అంతే. నిన్నటి పుటను ఫోటో తీసినట్లు దాచి, నేటిదానితో పోల్చు పద్ధతియు కలదు. ఆ పద్ధతిపై మాకు అంత గురి లేదు. తేడా కనబడినప్పుడు కారణము విచారింపక "క్రొత్తదే సరి" అని ఒప్పుకొనుట అందరికిని అలవాటగును.

అంగములు విడివిడిగ సరియైనంతమాత్రమున యాప్ సరియైనదని చెప్పరాదు. అచ్చు మంచిదే, పడుగు మంచిదే. అతుకు సరిగా లేక పోగు జారుటయు ఉన్నది. కాబట్టి కొన్ని పరీక్షలు యాప్ మొత్తముమీద నడపవలెను. 2004లో మొదలైన సెలీనియం, 2020లో మైక్రోసాఫ్ట్ విడుదలచేసిన ప్లేరైట్ వంటి సాధనములు బ్రౌజరును తామే తెరచి, మనిషివలె వ్రాసి, నొక్కి చూచును. ఇవి నెమ్మదిగ నడుచునవి, సాకుట కష్టము. పది చాలును. ఆర్డరు వ్రాయుట, నూలు ఇచ్చుట, చీర అప్పగించుకొనుట, కూలి చెల్లించుట అను దారి మొత్తము ఒకటిగ నడిచి, చివర పట్టీలో సరియైన అంకె వచ్చినదా చూచునది అందు ముఖ్యము.

ఇతరులు కట్టి ఉచితముగ ఇచ్చిన అంగములు కోకొల్లలు. వాడుకొనవచ్చును; కాని ఎవరిమీద ఆధారపడుచున్నామో ఎరిగియుండవలెను. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అను పదునొకండు వరుసల చిన్న ముక్కను, పేరు విషయమై వచ్చిన తగవువలన, వ్రాసినవాడు ఉపసంహరించుకొన్నాడు. అంకెకో మాటకో ఎడమవైపున ఖాళీలో వేరొక గుర్తో చేర్చుట తప్ప అది చేయు పని వేరు లేదు. దానిపై ప్రత్యక్షముగనో పరోక్షముగనో ఆధారపడిన వేలకొలది ప్రోగ్రాముల నిర్మాణము ప్రపంచమంతట ఒక్కసారిగ నిలిచిపోయినది. గంటలలో మరల చేర్చిరి. వాడు ప్రతి పరాయి ముక్కకు ఏ సంచిక వాడినారో వ్రాసి ఉంచుట, అది లేకున్న మనము వ్రాసికొనగలమా అని ఆలోచించుట అవసరము.

పెద్దలు చేయవలసిన పని ఇక్కడనే ఉన్నది. దీనికి కంప్యూటరు చదువు అక్కరలేదు. సంఘములోని పాత కూలి పుస్తకములు దాచియే ఉందురు. గత సంవత్సరపు పుస్తకమునుండి యాబది వరుసలు ఏరవలెను. సులభమైనవి కాదు, అడ్వాన్సు పట్టుకొన్నవి, చీరలో లోపమని కూలి తగ్గించినవి, నెల మధ్యలో రేటు మారినవి, బాకీ సున్నయైనవి ఏరవలెను. పేర్లు మార్చి, అంకెలు మాత్రము అట్లే ఉంచి బిడ్డలకు ఇయ్యవలెను. వారు వానిని పరీక్షలుగ వ్రాసి నడపవలెను. ఎక్కడ యాప్ చూపిన అంకెయు పుస్తకములోని అంకెయు వేరైనవో అక్కడ ఇరువురును కలిసి కూర్చుండి లెక్క కట్టవలెను. తప్పు యాప్‌దే కానక్కరలేదు, గుమాస్తా కూడికలోను ఉండవచ్చును. యాబదియు కుదిరిన తరువాత కూడ రెండు నెలలు కాగితపు పుస్తకమును యాప్‌ను ప్రక్కప్రక్కన నడిపి, నెలాఖరున కూలి ఇచ్చు దినమున రెండు మొత్తములను నేతగానియెదుటనే చదువవలెను.